ఆరో బల్లవాళ్లు: బుడమేరు వరదలో ఒక శిక్షణకు జరిగిన అసలు పరీక్ష

2024 సెప్టెంబర్ 2, సోమవారం ఉదయం. విజయవాడ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద అన్నం పొట్లాలు గుట్టలుగా పడి ఉన్నాయి. కింద జనం నడుంలోతు నీళ్లలో పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని ఎదురొస్తున్నారు. పొట్లాలు తెచ్చినవాళ్లకు ఫ్లైఓవర్ దిగాక ఎటు వెళ్లాలో తెలియదు. పాయకాపురం, కండ్రిక వైపు మేడల మీద ముందురోజు నుంచీ తిండి లేకుండా కూర్చున్నవాళ్లకు ఇక్కడ పొట్లాలున్నాయని తెలియదు. మధ్యాహ్నానికి సాంబారన్నం వాసన వచ్చేసింది.

ఆ గుట్ట దగ్గర నిలబడ్డవాళ్లలో ఏడెనిమిది మంది నా దగ్గర శిక్షణ పొందినవాళ్లే. మనిషికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలి, ఎంతమందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి, పంపిణీ దగ్గర వరస ఎలా పెట్టాలి, ఇవన్నీ ఏడు నెలల కిందట నేనే చెప్పాను. వాళ్లు మరిచిపోలేదు, అడిగితే తడుముకోకుండా చెప్పారు. తెలియనిదల్లా పక్కన నిలబడ్డ మనిషి చేతిలో ఏముందో. నాలుగు రోజులు ఒకే హాల్లో కూర్చున్నవాళ్లు ఆ ఫ్లైఓవర్ మీద ఒకరినొకరు గుర్తుపట్టి నవ్వుకుని, ఎవరి పొట్లాలు వాళ్లు పట్టుకుని నిలబడ్డారు.

సహాయ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చేవాళ్లకు పనికొస్తుందని ఈ కేసు వివరంగా రాస్తున్నాను. సంస్థల పేర్లు, మనుషుల పేర్లు కావాలనే వదిలేశాను.

శిక్షణ ఎలా జరిగింది

నేను ఈ పనిలోకి వచ్చింది 2009 అక్టోబర్‌లో, తుంగభద్ర పొంగి కర్నూలు మునిగినప్పుడు. ఒక వీధికి దుప్పట్లు మూడుసార్లు వెళ్లడం, పక్క వీధికి ఒక్కసారి కూడా వెళ్లకపోవడం అప్పుడు నా కళ్లతో చూశాను. ఆ తర్వాత హుద్‌హుద్, తిత్లీ తుపాన్లలో కూడా అదే చూశాను. మంచి మనసుకు కొదవ లేదు, పద్ధతి లేదు అనుకుని శిక్షణ వైపు వచ్చాను.

2024 ఫిబ్రవరిలో విజయవాడ శివారులో నాలుగు రోజుల శిక్షణ పెట్టాం. 28 మంది వచ్చారు. అందరూ చిన్న స్వచ్ఛంద సంస్థల ఫీల్డు కార్యకర్తలు, చర్చి యువజన సంఘాలవాళ్లు, మసీదు కమిటీవాళ్లు, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద మహిళా సంఘాలను చూసే రిసోర్స్ పర్సన్లు (ఆర్పీలు). డైరెక్టర్లను పిలవలేదు. పిలిస్తే మొదటి రోజు దీపం వెలిగించి వెళ్లిపోతారని నాకు అనుభవం. బియ్యం బస్తా మోసేవాళ్లే వచ్చి కూర్చోవాలని పట్టుబట్టాను. ఆ నిర్ణయం మాత్రం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

విపత్తు సాయం కనీసం ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ స్ఫియర్ ప్రమాణాలు మా పాఠాలకు ఆధారం. అవి ఎందుకు పుట్టాయో మొదట చెప్పాను. 1994లో రువాండా నుంచి పారిపోయి జైర్ (నేటి డీఆర్ కాంగో)లోని గోమా చేరిన శరణార్థులను కలరా వేల సంఖ్యలో పొట్టన పెట్టుకుంది. సాయం చేయడానికి ఎన్నో సంస్థలు వెళ్లాయి. ఎవరికి తోచింది వాళ్లు చేశారు. ఆ సహాయం మీద తర్వాత జరిగిన సమీక్ష చాలామంది కళ్లు తెరిపించింది. 1997లో స్ఫియర్ మొదలైంది, ఇప్పుడు మన చేతిలో ఉన్నది 2018 నాటి నాలుగో కూర్పు.

అంకెలను మన ఇళ్ల లెక్కలోకి మార్చి చెప్పడానికి చాలా శ్రమపడ్డాం. మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్లు అని ఇంగ్లీషు స్లైడులో చూపిస్తే తలలు ఊపుతారు, అంతే. అదే నలుగురున్న ఇంటికి రోజుకు మూడు ఇరవై లీటర్ల టిన్నులు అంటే వెంటనే ఎవరో ఒకరు లేచి, "మేడమ్, మరి మనం ఇంటికి రెండు బాటిళ్లు ఇచ్చి ఫొటో దిగుతున్నామండీ" అంటారు. ఆ మాట ఆ హాల్లో నిజంగానే వచ్చింది. తాగడానికి, తిండికి ఒక మనిషికి రెండున్నర నుంచి మూడు లీటర్లు పోతాయి. మిగతాది వంటకు, ఒంటి శుభ్రతకు. మొదటి రోజుల్లో ఏడున్నర లీటర్లతోనైనా నెట్టుకురావచ్చు, అంతకంటే తగ్గితే రోగాలు మొదలవుతాయి. మరుగుదొడ్డి అత్యవసరంలో 50 మందికి ఒకటి, కుదుటపడ్డాక 20 మందికి ఒకటి. పునరావాస కేంద్రంలో మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు. ఆ చోటెంతో తెలియడానికి హాల్లో సుద్దముక్కతో గీసి ఒక్కొక్కరినీ అందులో పడుకోబెట్టాం.

చివరి పరీక్షలో మార్కులు బాగా వచ్చాయి. నివేదికలో అదే రాశాం. నాలుగో రోజు మధ్యాహ్నం పరిచయాలకని రెండు గంటలు పెట్టాం కానీ, ముందు పాఠాలు సాగిపోయి, బస్సులకు టైమై, ఆ రెండు గంటలు ఇరవై నిమిషాలయ్యాయి. నంబర్లన్నీ కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టి అందరినీ పంపించేశాం. నేను చేసిన పెద్ద పొరపాటు అదే. పాఠాల్లో దేన్నో ఒకదాన్ని కోసేసి ఆ రెండు గంటలూ నిలబెట్టాల్సింది.

నీళ్లు వచ్చాక

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. ఊరి మీదకు రాకుండా వెలగలేరు దగ్గర మళ్లించి డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలోకి పంపుతారు. కృష్ణే నిండి ఉంటే ఆ నీరు నదిలోకి వెళ్లలేక వెనక్కి తన్నుతుంది. ఆగస్టు 31న కుండపోత పడింది. కాలువకు గండ్లు పడ్డాయి. సెప్టెంబర్ 1 ఆదివారం తెల్లవారేసరికి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, నందమూరినగర్ నీళ్లలో ఉన్నాయి. ఆ రెండు రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది.

మా వాట్సాప్ గ్రూపు అప్పటికే పండగ శుభాకాంక్షల గ్రూపు అయిపోయింది. ఆదివారం ఉదయం ఒక్కసారిగా మేల్కొంది. వందకు పైగా సందేశాలు వచ్చాయి, అందులో పనికొచ్చేవి చాలా తక్కువ. "బోటు కావాలి, అర్జెంట్" అని ఉంటుంది, ఎక్కడో ఉండదు. ఒక గర్భిణి మేడ మీద చిక్కుకుందన్న సందేశం రోజంతా తిరిగింది. ఆమెను పొద్దున్నే దించేశారు. అయినా ఆ సందేశం పట్టుకుని ఆ ఇంటికి పడవ ఇంకో రెండుసార్లు వెళ్లింది. ఆ రెండు ప్రయాణాల్లో ఎంతమందిని దించగలిగేవాళ్లమో తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

అదే గందరగోళంలో నలుగురు మాత్రం గ్రూపు వైపు చూడనే లేదు. నేరుగా ఫోన్లు చేసుకున్నారు. ఒకరు పాయకాపురం వైపు ఆర్పీ. ఇంకొకరు ఒక సంస్థ గోడౌన్ చూసే కుర్రాడు. మూడో అతను చర్చి యువజన సంఘంలో ఉంటాడు, ఇంట్లో ట్రాక్టర్ ఉంది. నాలుగో ఆయన వన్‌టౌన్‌లో ఒక మసీదు కమిటీ తరఫున వంటలు చూస్తాడు. ఆర్పీ ఆ కుర్రాడితో మాట్లాడిన మాటలు తర్వాత ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పారు:

"తమ్ముడూ, మీ గోడౌన్లో టార్పాలిన్లు, ఖాళీ క్యాన్లు ఉన్నాయన్నావు కదా, ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయక్కా. బండే లేదు."

"బండి సంగతి నేను చూసుకుంటా. నువ్వు తాళం తీసి పెట్టు."

సోమవారం సాయంత్రానికి ఆమె చూసే గల్లీల్లో ప్రతి మేడకూ తిండి, తాగునీరు చేరాయి. వన్‌టౌన్‌లో వండారు, ట్రాక్టర్ ఫ్లైఓవర్ దాకా తెచ్చింది, అక్కడి నుంచి పడవ. పడవ నడిపేవాళ్లకు ఆమె ఫోన్లో దారి చెబుతూ వచ్చింది: ఏ ఇంట్లో మంచం దిగలేని పెద్దాయన ఉన్నాడు, ఏ ఇంట్లో డయాలసిస్‌కు వెళ్లాల్సిన మనిషి ఉన్నాడు, బాలింత ఎక్కడుంది. పొట్లాల్లో చింతపండు పులిహోరే పెట్టాలని వంట చూసే ఆయన పట్టుబట్టాడు. సాంబారన్నం పూటకే పాడవుతుంది, పులిహోర మర్నాటిదాకా నిలుస్తుంది. ఇది నేను నేర్పింది కాదు. ఆయన నాకు నేర్పాడు.

ఈ నలుగురే ఎందుకు? ఎవరి సంస్థ వారిది, ఎవరి మతం వారిది, ముందు పరిచయం లేదు. పరీక్షలో వీళ్లవి మొదటి మార్కులేం కావు. పాత చార్టులు తీసి చూశాక కారణం దొరికింది. శిక్షణలో నలుగురిదీ ఆరో నంబరు బల్ల. మూడో రోజు "మీలో ఒకరి వాడ మ్యాపు గీయండి" అన్న పని ఇచ్చాం. మిగతా బల్లలవాళ్లు అరగంటలో నాలుగు గీతలు గీసి ముగించారు. ఈ ఆర్పీ మాత్రం ఇంటింటికీ గుర్తు పెట్టకుండా వదలనంది. రాత్రి ఎనిమిదైంది. మిగతా ముగ్గురూ ఆమె చెబుతుంటే ఇళ్లు గీస్తూ కూర్చున్నారు. మాటల్లో ఎవరి దగ్గర ఏముందో బయటికొచ్చింది. చివరి బస్సు పోయింది, ట్రాక్టరతను తన వ్యానులో అందర్నీ దింపాడు. బయల్దేరేముందు ఆ చార్టును ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. వరద రోజున పడవ వాళ్లకు చూపించింది ఆ ఫొటోనే.

నలుగురి అనుభవంతో సూత్రం చేసేయలేమని నాకు తెలుసు. ఆ ఆర్పీ స్వభావమే వేరు, ఎక్కడున్నా ఆమె పనిచేసేది. కానీ మిగతా 24 మందిలోనూ అలాంటి స్వభావం ఉన్నవాళ్లు నలుగురైదుగురు కనిపించారు. వాళ్లు ఒంటరిగా తిరిగి ఒంటరిగా అలిసిపోయారు.

పాఠం పనికొచ్చిన చోట్లు

నేర్పిన విషయం వృథా కాలేదు. వరద వచ్చిన మూడో రోజు ఒక దాత పాలపొడి డబ్బాలు పెట్టెలకొద్దీ పంపాడు. పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ పంచుదామని అందరూ ఉత్సాహపడ్డారు. మా దగ్గర శిక్షణ పొందిన ఒక అమ్మాయి అడ్డం నిలబడింది. తల్లిపాలు తాగే బిడ్డకు వరదనీళ్ల మధ్య కడగని సీసాలో పాలపొడి కలిపి పడితే విరేచనాలు పట్టుకుంటాయి, ఈలోపు తల్లికి పాలు తగ్గిపోతాయి. అప్పటికే డబ్బాపాల మీద ఉన్న పిల్లలెవరో అడిగి తెలుసుకుని, వాళ్లకు మాత్రమే, కాచిన నీళ్లు అందే ఏర్పాటుతో ఇవ్వాలని పట్టుబట్టింది. దాత తరఫు మనిషి కోప్పడ్డాడు. ఆమె ఏడ్చింది కానీ డబ్బాలు వదల్లేదు. మా నాలుగు రోజుల శిక్షణలో ఒక్క అరగంట ఇందుకు సరిపోయిందంటే, ఆ అరగంటకు నేను ఎంతైనా ఖర్చు పెడతాను.

ఇంకొకటి కేరళ నుంచి వచ్చింది. 2018 ఆగస్టు వరదల్లో అలప్పుళలో పనిచేసినప్పుడు అక్కడి ఒక నర్సుతో స్నేహం కుదిరింది. 2024 జులై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాక ఆమెకు నేను ఫోన్ చేశాను, నెల తిరిగేసరికి ఆమె నాకు చేసింది. మొదటి ప్రశ్న: "మీవాళ్లు నీళ్లలో దిగుతున్నారా? డాక్సీసైక్లిన్ ఇచ్చారా?" ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో తిరిగితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, మలయాళంలో ఎలిప్పని అంటారు. 2018లో నీళ్లు తీశాక అది కేరళలో ప్రబలింది. నీళ్లలో పనిచేసేవాళ్లకు అది రాకుండా డాక్సీసైక్లిన్ మందు వారానికొకసారి 200 మిల్లీగ్రాములు ఇచ్చే పద్ధతి అక్కడ అప్పుడే అలవాటైంది. నేను ఆరోజే స్థానిక డాక్టరుతో మాట్లాడాను. గర్భిణులకు, చిన్నపిల్లలకు అది పనికిరాదని, ఎవరికి ఇవ్వాలో తానే చూస్తానని ఆయన మా కార్యకర్తలను వరసగా కూర్చోబెట్టి పరీక్షించి మాత్రలిచ్చాడు. అప్పటికి నాలుగో రోజు. మా పాఠాల్లో ఈ సంగతి ఒక్క ముక్క కూడా లేదు. ఆరేళ్ల కిందటి ఒక స్నేహం వల్ల తెలిసింది.

గల్లీ పుస్తకం

సెప్టెంబర్ 7న సైన్యం సాయంతో చివరి గండి పూడింది. ఆ రోజే వినాయక చవితి. నీళ్లు తీయడం మొదలయ్యాక పొట్లాల దాతలు తగ్గిపోయారు, బురద మిగిలింది. ఫైరింజన్లతో ఇళ్లు కడిగారు. ఫ్రిజ్, మిక్సీ, పరుపులు, పిల్లల పుస్తకాలు రోడ్డు మీదికొచ్చాయి. ఇక్కడి నుంచి పని నెమ్మదిది, కష్టమైంది: ఎవరికి ఏం పోయింది, ఎవరు ఏం ఇచ్చారు. ఒక్కో సంస్థ వచ్చి ఒక్కో సర్వే చేసింది. ఒక ముసలావిడ నాతో, "అమ్మాయ్, ఆరోసారి రాయించుకుంటన్నారు, ఒక్క చాపైనా ఇచ్చారా?" అంది. నేను తలవంచుకున్నాను.

ఆరో బల్ల ఆర్పీయే దీనికి దారి చూపింది. గల్లీకొక లాంగ్ నోట్‌బుక్కు. ఇంటికొక పేజీ. ఎవరు ఏమిచ్చినా ఆ పేజీలో తేదీ వేసి రాయాలి, ఇంటివాళ్లు సంతకం చేయాలి. పుస్తకం ఏ సంస్థ దగ్గరా ఉండదు, ఆ గల్లీ మహిళా సంఘం దగ్గరే ఉంటుంది. కొత్తగా వచ్చిన సంస్థ సర్వే చేయక్కర్లేదు, పుస్తకం చూసి ఖాళీ ఉన్న ఇంటికి వెళ్తే చాలు. మొదట రెండు సంస్థలు ఒప్పుకోలేదు. తమ లబ్ధిదారుల జాబితా తమదేనన్నారు. ఇళ్లవాళ్లే పుస్తకం చూపించి "ఇందులో రాయండి" అనేసరికి వాళ్లకూ తప్పలేదు.

ఒక తప్పు జరిగింది. మొదటి వారం పుస్తకంలో జబ్బుల పేర్లు కూడా రాశారు. ఒకామెకు ఉన్న జబ్బు సంగతి పక్కింటివాళ్లు చదివారు. ఆమె తర్వాత ఏ పంపిణీకీ రాలేదు. మనుషుల వివరాలను జాగ్రత్తగా ఉంచాలని శిక్షణలో ఒక స్లైడు చూపించాను నిజమే, కానీ సంఘం చేతిలో ఉండే పుస్తకానికి దాన్ని ఎలా వర్తింపజేయాలో చెప్పలేదు. ఆ పేజీలు తీసేసి, ఆరోగ్యం సంగతులు ఏఎన్ఎం దగ్గరుండే రిజిస్టరుకే పరిమితం చేశాం. ఆమె ఇంటికి ఆర్పీతో కలిసి వెళ్లి క్షమాపణ అడిగాను.

నీటి ట్యాంకులు, సంపులు కడగడంలో కూడా ఈ మనుషుల గొలుసే పనిచేసింది. నీళ్లలో క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపే, మున్సిపల్ సిబ్బంది దగ్గర ఉండే క్లోరోస్కోప్ ఎలా వాడాలో ఒక్కో సంఘం నుంచి ఇద్దరు నేర్చుకున్నారు. లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్న అంకె వాళ్లకు పసుపు రంగుగా గుర్తుండిపోయింది.

కార్యకర్తల సంగతి

ఆరో రోజున మా కుర్రాడొకడు ఫోన్ తీయడం మానేశాడు. ముందురోజు రాత్రి ఒక శవాన్ని పడవలో ఎక్కించాడని తర్వాత తెలిసింది. మానసిక ప్రథమ చికిత్సలో చూడటం, వినడం, సాయంతో కలపడం అన్న మూడు మాటలు బాధితుల కోసం నేర్పాం. మన పక్కవాడికి కూడా అవే వర్తిస్తాయని గట్టిగా చెప్పలేదు. అతని ఇంటికి వెళ్లింది అతని సంస్థవాళ్లు కాదు. వాళ్లు పనిలో మునిగి ఉన్నారు, వాళ్లను తప్పుపట్టను. మసీదు కమిటీ ఆయన వెళ్లాడు, టిఫిన్ క్యారియర్ తీసుకుని. రెండు రోజులు ఊరికే పక్కన కూర్చున్నాడు. తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ కుర్రాడు ఇప్పుడు మళ్లీ పనిలో ఉన్నాడు. శవాల దగ్గరికి మాత్రం పంపం, అడగం.

ఫీల్డు కార్యకర్తల ఉద్యోగాలు ప్రాజెక్టుతో మొదలై ప్రాజెక్టుతో అయిపోతాయి. ఫిబ్రవరిలో మా దగ్గర కూర్చున్నవాళ్లలో చాలామంది సెప్టెంబర్ నాటికే వేరే సంస్థల్లో ఉన్నారు, కొందరు ఈ పనే వదిలేశారు. అందుకే సర్టిఫికెట్టును చులకన చేయకూడదు. తర్వాతి ఉద్యోగానికి వాళ్ల దగ్గరుండే కాగితం అదొక్కటే. సహాయ కార్యకర్తల కోసం ఉన్న కాయా లాంటి ఆన్‌లైన్ వేదికల మీద ఉచిత కోర్సులు చాలానే ఉన్నాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో. పదో తరగతి తెలుగు మీడియంలో చదివిన ఆర్పీకి ఆ కోర్సు ఉండీ లేనట్టే. మా పాఠాలను తెలుగులో ఆడియోగా చేయడం ఇప్పుడు మొదలుపెట్టాం. బస్సులో వింటున్నామని చెబుతున్నారు.

మార్చినవి

2025లో మళ్లీ శిక్షణ పెట్టినప్పుడు పాఠాలను రెండు రోజులకు కుదించాం. మిగతా రెండు రోజులూ మ్యాపులు, గోడౌన్లు, మనుషులు. బల్లలు మేమే కేటాయిస్తాం: వంట తెలిసినవాళ్లొకరు, వాహనం ఉన్నవాళ్లొకరు, తాళం చేతులో ఉన్నవాళ్లొకరు, గల్లీ తెలిసినవాళ్లొకరు. ఒకే సంస్థవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోరు. మూడో రోజు అందరం వ్యానెక్కి ఒకరి గోడౌన్ నుంచి ఇంకొకరి వాడకు నిజంగా వెళ్లి వస్తాం. దారిలో ఏ వంతెన మొదట మునుగుతుందో అక్కడివాళ్లే చూపిస్తారు. వార్డు సచివాలయం నుంచి, ఫైర్ స్టేషన్ నుంచి కూడా ఒక్కొక్కరిని అడిగి పిలుస్తున్నాం. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాలో పెత్తనం కలెక్టరుది. మనం ఎంత పరుగెత్తినా ఆ యంత్రాంగానికి తెలియకుండా పరుగెత్తితే ఒకరి కాళ్లకు ఒకరం అడ్డం పడతాం.

వాట్సాప్ గ్రూపును తీసేయలేదు, ఒక్క నియమం పెట్టాం. సాయం అడిగే సందేశంలో చోటు, సమయం, చెప్పినవారి ఫోన్ నంబరు ఉండాలి, పని పూర్తయ్యాక "అయింది" అని అదే సందేశానికి జవాబు రాయాలి.

మూడు నెలలకొకసారి, ముందు చెప్పకుండా, రాత్రి తొమ్మిదింటికి ఫోన్ గొలుసు పరీక్ష చేస్తాం. ఒక బల్లలో మొదటి మనిషికి నేను చేస్తాను. అతను రెండో మనిషికి, ఆమె మూడో మనిషికి. ఒక్కొక్కరూ ఇప్పుడు తమ దగ్గర ఏముందో చెప్పాలి: ఎన్ని క్యాన్లు, బండి ఊళ్లో ఉందా, పొయ్యి పనిచేస్తోందా. పోయినసారి నాలుగు నంబర్లు పలకలేదు. ఇద్దరు సిమ్ మార్చారు, ఒకామెకు పెళ్లయి ఏలూరు వెళ్లింది. నాలుగో అతని కోసం ఆరో బల్ల ట్రాక్టరతను రేపు వాంబే కాలనీ వెళ్తున్నాడు.